తొమ్మిది మందివీ ఒకే తప్పులు: సున్నా వేయాలా, ఆగాలా?

తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే ఒక టీచర్ పంపిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందుకని ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాను.

ఆమె 58 మంది పిల్లలకు ఆన్‌లైన్‌లో యూనిట్ టెస్ట్ పెట్టారు. 25 బిట్లు, ఐదు ఖాళీలు, రెండు చిన్న వివరణలు. పరీక్ష ఉదయం 10 గంటలకు తెరుచుకుని 10.45కి మూసుకునేలా పెట్టి, రాయడానికి 40 నిమిషాలు ఇచ్చారు. మొదలైన కాసేపటికే లాగిన్ కావడం లేదని ఫోన్లు. 11 మంది 10.20 దాటాక లోపలికి రాగలిగారు. వాళ్ళు రాస్తుండగానే పరీక్ష మూసుకుపోయింది. వారిలో నలుగురికి సున్నా చూపిస్తోంది. 17వ ప్రశ్నలో ఎప్పుడూ ముందుండే పిల్లలు కూడా తప్పారు. ఆ ప్రశ్నలో చివరి ఆప్షన్ 'ఎ, బి రెండూ'. కాపీ జరగకూడదని ఆప్షన్ల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చేట్టు పెట్టారు. ఖాళీల్లో కొందరు సరైన జవాబే రాసినా కంప్యూటర్ తప్పు కొట్టింది.

ఇవన్నీ చూస్తుండగా ఇంకో విషయం కంటపడింది. తొమ్మిది మంది మూడు ప్రశ్నల్లో ఒకే తప్పు ఆప్షన్ ఎంచుకున్నారు. ఆ మూడింటిలో ఒకటి, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత అన్న ప్రశ్న. తొమ్మిది మందీ 'సున్నా' అన్నారు. వారిలో నలుగురి ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు, ఒకటే. మరో ఇద్దరు ఇంగ్లీషులో రాసిన వివరణలను ఏఐ డిటెక్టర్‌లో పెడితే యంత్రం రాసిందని వచ్చింది. తోటి టీచర్ ఒకరు, వయసులో చిన్నవారు, "తొమ్మిది మందికీ సున్నా వేసేయండి మేడమ్, వచ్చేసారి కెమెరా పెడదాం. ఇవన్నీ మీకు అలవాటు లేదు కదా" అన్నారట. ప్రిన్సిపాల్ సోమవారానికల్లా మార్కులు కావాలన్నారు. తొమ్మిది మందిలో ఒకబ్బాయి తండ్రి అప్పుడే ఫోన్ చేసి, మావాడిని దొంగ అంటున్నారా అని అడిగారు.

"ఇన్నేళ్ళూ బల్లల మధ్య తిరుగుతూ పరీక్షలు పెట్టాను. పిల్లవాడి ముఖం చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు ముఖాలు లేవు, అంకెలే ఉన్నాయి. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. నా మీద నాకే నమ్మకం పోయింది" అని ముగించారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో నాలుగు తగువులున్నాయి. సమయం తగువు, ప్రశ్న తగువు, కీ తగువు, కాపీ తగువు. నాలుగూ ఒకే పొద్దున మీద పడేసరికి మొదటి మూడింటి చికాకంతా నాలుగోదాని మీదకు మళ్ళింది. అందుకే ముందు మొదటి మూడూ తేల్చండి. వాటికి పిల్లలను పిలవనక్కర్లేదు, ఎవరినీ అనుమానించనక్కర్లేదు. పైగా అవి తేలాక మార్కుల పట్టిక మారుతుంది. ఆ తొమ్మిది మంది సంగతి అప్పుడు ఇంకోలా కనిపించినా ఆశ్చర్యం లేదు.

సమయంతో మొదలుపెడదాం. 40 నిమిషాలు ఇచ్చానని మీరు అనుకున్నారు. ఆ 11 మందికి అందింది మాత్రం 25 నిమిషాల లోపే. ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే మూడుల్ లాంటి సాఫ్ట్‌వేర్లలో రాసే వ్యవధి వేరు, పరీక్ష మూసే సమయం వేరు. రెండింటిలో ఏది ముందొస్తే దానితో పరీక్ష ముగుస్తుంది. 10.25కి మొదలుపెట్టిన అమ్మాయికి గడియారం 20 నిమిషాలే చూపించి ఉంటుంది. నలుగురికి సున్నా రావడం ఇంకో సెట్టింగ్ వల్ల కావచ్చు. సమయం అయిపోయినప్పుడు రాసినంత వరకు తనంతట తానే సబ్మిట్ కావాలా, సబ్మిట్ చేయడానికి కాస్త గడువివ్వాలా, విద్యార్థి స్వయంగా సబ్మిట్ చేయకపోతే లెక్కలోకే తీసుకోకూడదా అని మూడుల్ మూడు దారులు అడుగుతుంది. మూడోది ఎంచుకుని ఉంటే రాసిన జవాబులున్నా మార్కులు రావు. జవాబులు మాత్రం ఎక్కడికీ పోవు. పేజీ మారినప్పుడల్లా, దానితోపాటు మామూలుగా నిమిషానికోసారి, అవి సర్వర్‌లో సేవ్ అవుతూనే ఉంటాయి. ఆ నలుగురి ప్రయత్నాలు తెరిచి చూడండి. 'ఎప్పుడూ సబ్మిట్ కాలేదు' అని ఉంటే అది సున్నా కానే కాదు.

మీరు వాడింది ఏదో రాయలేదు కాబట్టి గూగుల్ ఫామ్స్ సంగతీ చెబుతాను. అక్కడ మీరు 10.45కి 'జవాబులు తీసుకోవడం' ఆపేసి ఉంటే, సగంలో ఉన్నవాళ్ళు రాసింది మీ వైపు అసలు కనపడదు. పిల్లలు తమ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి రాస్తే డ్రాఫ్ట్ వాళ్ళ దగ్గర 30 రోజుల వరకు ఉంటుంది. మీరు ఫామ్ మళ్ళీ తెరిస్తే వాళ్ళు పంపగలరు. తెరిచినప్పుడు మార్చగలరు కూడా, అదే చిక్కు.

ఇక ఆ 11 మందికి ఏం చేయాలి? సేవ్ అయిన జవాబుల వరకే దిద్ది, దాన్ని మొత్తం మార్కులకు పెంచి వేయడం ఒక దారి. పని సులువు, సోమవారానికి అయిపోతుంది. కానీ మీ పేపర్‌లో తేలిక ప్రశ్నలు ముందు, కష్టమైనవి వెనుక ఉంటే వీళ్ళకు అనుకోని లాభం. వివరణలు చివర్లో ఉంటే అవి రాయకుండానే మార్కులు వస్తాయి. రెండో దారి, ఈ 11 మందికే వేరే ప్రశ్నలతో ఇంకో పరీక్ష. న్యాయం ఎక్కువ, శ్రమ కూడా మీకే ఎక్కువ. రెండో పేపర్ కష్టంగా ఉందనో సులువుగా ఉందనో ఒక మాట తప్పదు. మూడోది, అందరికీ మళ్ళీ పెట్టడం. పైకి అందరికీ సమానంగానే కనిపిస్తుంది. కానీ ఏ ఇబ్బందీ లేకుండా బాగా రాసిన 47 మందిని మన సెట్టింగ్ కోసం మళ్ళీ కూర్చోబెట్టాలి. నాకైతే అది నచ్చదు. నేనైతే రెండోదాన్ని కొంచెం మెత్తబరుస్తాను: ఆ 11 మందిలో ఉన్న మార్కులు చాలన్నవాళ్ళకు పెంచిన మార్కులు, మళ్ళీ రాస్తామన్నవాళ్ళకు కొత్త పేపర్. కొత్త పేపర్ రాస్తే దాని మార్కే లెక్క అని ముందే చెప్పాలి. లేకపోతే రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వమని మిగతా 47 మందీ అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు.

17వ ప్రశ్న దగ్గర నాకు పెద్దగా అనుమానం లేదు. ఆప్షన్ల వరుస మారితే 'ఎ, బి రెండూ' అన్నదానికి అర్థం లేదు. మీరు 'ఎ'గా రాసింది ఒకరికి 'సి' స్థానంలో, ఇంకొకరికి 'డి' స్థానంలో వచ్చి ఉంటుంది. చదివిన పిల్లలు తమ తెర మీద ఉన్న ఎ, బి చూసి, రెండూ సరికావని తేల్చుకుని, వేరేది పెట్టారు. అంటే వాళ్ళు సరిగ్గా ఆలోచించినందుకే తప్పు పడింది. 'పైవన్నీ' అన్న ఆప్షన్ కూడా ఇంతే, షఫుల్ పుణ్యమా అని అన్నిటికంటే పైన కూర్చుంటుంది, దాని పైన ఏమీ ఉండదు! ఇలాంటి ప్రశ్నలకు షఫుల్ ఆపేయవచ్చు. ఆప్షన్‌లోనే 'ద్రవ్యరాశి, వేగం రెండూ' అని విషయం పేరు పెట్టి రాస్తే ఇంకా మంచిది.

జరిగినదానికి మాత్రం రెండు దారులు. ప్రశ్నను తీసేసి మొత్తం మార్కులు ఒకటి తగ్గించడం, లేదా అందరికీ ఆ మార్కు కలపడం. తీసేస్తే, అదృష్టవశాత్తు సరైన వరుస వచ్చి జవాబు పెట్టినవాళ్ళు నష్టపోతారు. కలిపితే ఎవరికీ ఏమీ పోదు, క్లాసు సగటు ఇసుమంత పెరుగుతుంది. కలపండి. ఇకముందు ఏ పరీక్ష అయినా అయ్యాక ఒక్కటి చూడటం అలవాటు చేసుకోండి. మొత్తం మార్కుల్లో పైనున్న పిల్లలు ఎక్కువగా తప్పి, కిందున్నవాళ్ళు ఎక్కువగా సరిపెట్టిన ప్రశ్న ఏదైనా ఉందా? ఉంటే నూటికి తొంభై పాళ్ళు కీలోనో ప్రశ్నలోనో లోపం ఉన్నట్టే. మూడుల్‌లో అయితే పరీక్ష గణాంకాల పేజీలో ఇలాంటి ప్రశ్నకు 'డిస్క్రిమినేషన్ ఇండెక్స్' సున్నా కంటే తక్కువగా కనిపిస్తుంది.

ఖాళీల గొడవ చిన్నదే కానీ పిల్లలకు ఒళ్ళు మండేది దీనికే. కీలో 2.5 అని ఉంటే '2.5 మీ/సె' అని ప్రమాణంతో సహా శ్రద్ధగా రాసిన పిల్లకు తప్పు పడుతుంది. ప్రమాణాలు రాయమని ఏడాదంతా పోరు పెట్టేదీ మనమే! తెలుగులో టైప్ చేసిన జవాబులకు ఇంకో తిప్పలు. 'న్యూటన్' అని రాసినప్పుడు కీబోర్డును బట్టి చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు చేరుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. మీ కళ్ళకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. కాబట్టి ఖాళీలన్నీ ఒకసారి మీరే చదివి దిద్దండి. గూగుల్ ఫామ్స్‌లో ప్రశ్నలవారీగా జవాబులు తెరిస్తే ఒకేలా రాసినవన్నీ ఒక కుప్పగా వస్తాయి, కుప్పకు ఒకసారి సరి కొడితే చాలు. మూడుల్‌లో కీలో కొత్త రూపాలు చేర్చి రీగ్రేడ్ చేయవచ్చు. ముందు ఉత్తుత్తి రీగ్రేడ్ చేసి ఎవరి మార్కు ఎంత మారుతుందో చూసుకునే వీలు కూడా ఉంది. అంకెల జవాబులకైతే కొంత అటూఇటూ ఒప్పుకునేలా తేడా ఇవ్వొచ్చు.

ఇప్పుడు ఆ తొమ్మిది మంది.

పైకి విసిరిన బంతి పైన ఒక్క క్షణం ఆగుతుంది కాబట్టి త్వరణం సున్నా అనుకోవడం భౌతికశాస్త్రంలో పిల్లలు చేసే అతి మామూలు పొరపాట్లలో ఒకటి. నాకంటే మీకే బాగా తెలుసు. 1992లో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు రూపొందించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అన్న పరీక్ష ఈ సూత్రం మీదే నిలబడింది: తప్పు ఆప్షన్లను పిల్లల సహజమైన అపోహల నుంచే తీసుకోవాలి. మంచి టీచర్ మంచి తప్పు ఆప్షన్ రాస్తే చాలామంది ఒకే చోట పడతారు. పడాలి కూడా.

అందుచేత తొమ్మిది మందిని చూసే ముందు మిగతా 49 మందిని చూడండి. ఆ మూడు ప్రశ్నల్లోనూ ఆ తప్పు ఆప్షన్లను క్లాసు మొత్తంలో ఎందరు పెట్టారు? ఒక్కోదాన్ని సగం మంది పెట్టి ఉంటే, ఎవరినీ చూడకుండా రాసినా మూడింటిలోనూ కలిసేవాళ్ళు 58లో ఏడుగురు తేలతారు. సగంలో సగంలో సగం, అంతే లెక్క. అపోహలు జంటగా తిరుగుతాయి కాబట్టి ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అప్పుడు తొమ్మిది పెద్ద వింతేమీ కాదు. అలా కాకుండా ఆ ఆప్షన్లను క్లాసులో ఇంకెవరూ ముట్టుకోలేదనుకోండి, అప్పుడు ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా తొమ్మిది మందీ ఒకే గుంపా, లేక ఇద్దరు ముగ్గురి చొప్పున వేరు వేరా అని చూడాలి. మూడుల్ అయితే ఒక్కో జవాబు ఏ క్షణంలో సేవ్ అయిందో చూపిస్తుంది. ఇద్దరు పిల్లలు వేర్వేరు వరుసల్లో వచ్చిన ప్రశ్నలకు కూడా మొదటి నుంచి చివరి దాకా కొన్ని సెకన్ల తేడాతో ఒకే జవాబులు పెడుతూ పోతే అది బలమైన ఆధారం. ఒకటి రెండు చోట్ల కలిస్తే కాదు.

ఐపీ అడ్రస్ విషయంలో తొందరపడకండి. ఒకే ఇంటి వైఫై వాడితే అందరిదీ ఒకే ఐపీ. మొబైల్ డేటా కంపెనీలైతే ఒకరికొకరు ముక్కూ మొహం తెలియని వందలమందిని ఒకే ఐపీ వెనుక నుంచి బయటకు పంపుతాయి. నలుగురూ ఒకే సిమ్ కంపెనీ వాళ్ళేమో, అన్నదమ్ములేమో, ఒకే చోట కూర్చుని ఎవరిది వాళ్ళు రాశారేమో, నలుగురూ కలిసి రాశారేమో. ఆ అంకె ఈ నాలుగింటిలో ఏదో చెప్పలేదు. పరీక్ష తెర వదిలి వెళ్ళాడని వచ్చే హెచ్చరికలు కూడా ఇలాంటివే, ఫోన్ వచ్చినా, బ్యాటరీ అయిపోతోందన్న మెసేజ్ వచ్చినా అవి మోగుతాయి.

ఏఐ డిటెక్టర్ ఫలితాన్ని పక్కన పెట్టేయండి. మెత్తగా చెప్పడం కుదరదు. ఛాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన డిటెక్టర్ సరిగ్గా పట్టలేకపోతోందని 2023 జులైలో దాన్ని ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను యంత్రం రాసినవిగా తేల్చాయి. తెలిసిన కొద్ది మాటలతో, పుస్తకం భాషలో, జాగ్రత్తగా ఇంగ్లీషు రాసే మన పిల్లలు అచ్చంగా అలాంటి వాళ్ళే.

లెక్కలన్నీ చూశాక కూడా అనుమానం మిగిలితే మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, వదిలేయడం. ఇది ఒక యూనిట్ టెస్ట్, మళ్ళీ పరీక్షలుంటాయి. నష్టం ఏమిటంటే, నిజంగా కాపీ కొట్టి ఉంటే అది పనిచేసిందని వాళ్ళకు అర్థమవుతుంది. రెండోది, మీ సహోద్యోగి చెప్పినట్టు సున్నా. తొమ్మిది మందిలో ఇద్దరు ముగ్గురు నిజాయితీగా రాసినవాళ్ళుంటే, తర్వాత మార్కు తిరిగి ఇచ్చినా క్లాసులో పడ్డ పేరు తిరిగి తీసుకోలేరు. ఆధారం అడిగితే మీ దగ్గర ఉన్నవి మూడు బిట్లు, ఒక ఐపీ.

మూడోది మౌఖికం. ఒక్కొక్కరితో ఐదారు నిమిషాలు, రెండు మూడు ప్రశ్నలు. నా మొగ్గు దీనివైపే, కానీ ఒక షరతు ఉంది. ఆ తొమ్మిది మందినే పిలిస్తే పిలవడమే నింద అవుతుంది. మీరు నోరు విప్పక ముందే క్లాసు తీర్పు చెప్పేస్తుంది. ఇంకో తొమ్మిది పదిమందిని, వారిలో మొదటి ర్యాంకు వాళ్ళను కూడా కలిపి పిలవండి. కొత్త పద్ధతిలో పరీక్ష పెట్టాం కదా, ప్రశ్నలు ఎలా అర్థమయ్యాయో తెలుసుకుంటున్నానని చెప్పండి. అది అబద్ధం కాదు, 17వ ప్రశ్న సంగతి నిజంగానే తెలుసుకోవాలి. లోపలికి వచ్చాక "ఎవరిది చూశావు" అని కాకుండా "ఇక్కడ త్వరణం సున్నా అని ఎలా అనుకున్నావు" అని అడగండి. "బంతి ఆగిపోయింది కదా మేడమ్" అన్నాడంటే వాడు స్వయంగా తప్పాడు, మీకు రేపటి పాఠం దొరికింది. తన జవాబేమిటో కూడా గుర్తు లేక నీళ్ళు నమిలితే అనుమానం బలపడుతుంది, రుజువు మాత్రం కాదు. బిగుసుకుపోయే పిల్లలుంటారు. అలాంటప్పుడు కాగితం, పెన్ను ఇచ్చి బొమ్మ గీయమనండి. ఎవరైనా తామే ఒప్పుకుంటే శిక్ష ఎంత అన్నది మీ ఒక్కరే తేల్చకండి. స్కూలుకు నియమం ఉంటే దాని ప్రకారం పోవాలి. లేకపోతే ఆ మూడు ప్రశ్నల మార్కులు లెక్కించకుండా ఆపడం సరిపోతుందనుకుంటాను. ఎలాగూ అవి తప్పులే, పోయేది ఏమీ లేదు.

కెమెరా సంగతి. బ్రౌజర్‌ను బిగించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి. అవి పరీక్ష రాసే యంత్రాన్ని మాత్రమే కాపలా కాస్తాయి, పక్కనున్న ఇంకో ఫోన్‌ను చూడలేవు. కెమెరాకు పిల్లల ఇల్లు కనిపిస్తుంది, అది వేరే తలనొప్పి. పరీక్షకు ముందు విద్యార్థి గదిని కెమెరాలో చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో అమెరికాలోని ఒహాయోలో ఒక ఫెడరల్ జడ్జి తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు అక్కడిదే అయినా, ఒక యూనిట్ టెస్ట్ కోసం ఇంతదూరం వెళ్ళాలా అని మీ సహోద్యోగిని అడగండి. దాని బదులు ప్రశ్నల బ్యాంకు తయారుచేసి ఒక్కొక్కరికి వేరే అంకెలు వచ్చేలా చూడటం, బిట్లు తగ్గించి 'ఎందుకు' అని ఒక వాక్యం రాయించడం ఎక్కువ పనిచేస్తాయి. మార్కులు లేని ఉత్తుత్తి పరీక్ష ఒకటి ముందురోజు పెడితే లాగిన్ గొడవలు సగం అప్పుడే బయటపడతాయి. వ్యవధి 40 నిమిషాలైతే పరీక్షను కనీసం రెండు గంటలు తెరిచి ఉంచండి. ముందు రాసినవాళ్ళు వెనక వాళ్ళకు చెబుతారంటారా, ప్రశ్నల బ్యాంకు అందుకే. పేపర్‌ను టీచర్ ఖాతాలోంచి చూసి సరే అనుకోకుండా, ఒక విద్యార్థి ఖాతాతో, చిన్న ఫోన్‌లో ఒకసారి మీరే రాసి చూడండి.

ఇక సోమవారం. ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ రాసివ్వండి: 17వ ప్రశ్నలో లోపం, అందరికీ మార్కు కలిపాం, ఖాళీలు చేత్తో దిద్దాం, 11 మందికి సమయం తక్కువైంది, వారికి ఫలానా ఏర్పాటు, ఈ తేదీకల్లా పూర్తి. తొమ్మిది మంది ప్రస్తావన ఆ కాగితంలో వద్దు, విడిగా నోటితో చెప్పండి. తేలనివాళ్ళ దగ్గర సున్నా పెట్టకండి, 'పెండింగ్' అని రాయండి. సున్నా ఒకసారి తల్లిదండ్రుల ఫోన్‌లో కనిపించాక మీరు ఎన్ని వివరణలిచ్చినా వినపడవు.

అలవాటు లేదన్న మాట మిమ్మల్ని గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. మీరు పొరబడింది ఒక మూసే సమయంలో, ఒక షఫుల్‌లో. రెండూ ఒక మధ్యాహ్నంలో నేర్చుకునేవి. ఆ మాట అన్న సహోద్యోగికి సాఫ్ట్‌వేర్ తెలిస్తే ఆ పదకొండు మంది ప్రయత్నాలు తెరిచి చూడటానికి సాయం అడగండి, ఉపయోగపడతారు. త్వరణం సున్నా అని పిల్లలు ఎందుకు రాస్తారో మీకు తెలుసు, ఆ తెలివి సాఫ్ట్‌వేర్‌లో దొరకదు.

ఆ తండ్రికి ఈ రోజే ఫోన్ చేయండి, ఆయన మళ్ళీ చేసేదాకా ఆగవద్దు. "మీ అబ్బాయిని ఎవరూ దొంగ అనలేదండీ. పరీక్షలో మా వైపు కొన్ని లోపాలు జరిగాయి, అందరి పేపర్లూ మళ్ళీ చూస్తున్నాను. కొంతమంది పిల్లలతో ప్రశ్నల గురించి మాట్లాడతాను, మీవాడితోనూ మాట్లాడతాను. మార్కులు తేలాక నేనే చెబుతాను" అంటే చాలు. మిగతా ఎనిమిది మంది పేర్లు అడుగుతారు. చెప్పకండి. మావాడు తప్పు చేయలేదని రాసివ్వమంటే, పేపర్లు చూడటం పూర్తికాకుండా ఏదీ రాసివ్వలేనని చెప్పండి. అబ్బాయి పక్కనే ఉండి వింటుంటాడు, అందుకని గొంతు పెంచకండి.